పన్నెండో కుర్చీ మీద టోపీ

బార్క్‌వీక్‌లో మా మద్యనిషేధ సంఘం హాల్లో ఏడో వరస చివరి రెండు కుర్చీల్లో ఎవరూ కూర్చోరు. పదకొండు, పన్నెండు. హాలు కిక్కిరిసి జనం గోడలకు ఆనుకుని సినిమా చూసిన రోజుల్లో కూడా ఆ రెండూ ఖాళీగానే ఉండేవి.

మావి స్ప్రింగు కుర్చీలు. మనిషి లేస్తే కూర్చునే పలక టపీమని పైకి పోతుంది. పన్నెండో కుర్చీ మాత్రం కొన్ని రాత్రులు పైకి పోయేది కాదు. ఎవరూ కూర్చోకుండానే కిందికి దిగి ఉండేది… ఎవరో చేత్తో అదిమి పట్టుకున్నట్టు.

"స్ప్రింగు పోయింది," అన్నాడు వడ్రంగి. కొత్తది వేశాడు. రెండు వారాలకు మళ్ళీ దిగింది.

ఆ హాలు తాళాలు ముప్పై ఒక్క ఏళ్ళు నా దగ్గర ఉన్నాయి. నేను తాగను. తాగినవాడి మాట వినను. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను దగ్గరికి రానివ్వను. ఈ కథ నాకు చెప్పింది మా సినిమా ఆపరేటర్ సిక్స్‌టెన్. అతను కూడా సంఘం మనిషే, జన్మలో చుక్క ముట్టలేదు. ముట్టి ఉంటే ఈ మాట ఆ రోజే అక్కడికక్కడ కొట్టిపారేసేవాణ్ణి.

అది పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, ఎన్నికల ఏడాది. అప్పుడు టీవీలు లేవు. పార్టీలు జనంతో మాట్లాడాలంటే సినిమా హాలుకే రావాలి. అసలు బొమ్మకు ముందు కాఫీపొడి ప్రకటన, సబ్బు ప్రకటన, ఆ తర్వాత పార్టీల ప్రకటనలు — ఒక్కోటి ఒక్క నిమిషం. మా హాలు ఏ పార్టీదీ కాదు. ఎవరు పంపినా వేస్తాం. ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నది ప్రతి సోమవారం నా టోపీలో చీటీలు వేసి తీసేవాణ్ణి. ఆ వరసలోనే సిక్స్‌టెన్ ఫిలిం ముక్కలు కోసి, అతికించి, ఒక్క చుట్టగా చుట్టేవాడు.

ఒక పార్టీ ఆయన వచ్చి, "మాది చివర్లో వేయించు హెల్మర్. జనం అప్పటికి కుదురుకుంటారు," అన్నాడు.

"మీ చీటీ చివర్లో వస్తే అలాగే," అన్నాను.

ఆగస్టులో ఒక పార్టీ వాళ్ళు ప్రకటన తీయడానికి మా కలప మిల్లుకే వచ్చారు. ఏ పార్టీయో చెప్పను, కథకు అది అక్కర్లేదు. చూస్తే నమ్మాలనిపించే మొహం ఉన్న పనివాడు ఒకడు కావాలన్నారు. మిల్లంతా తిరిగి అల్గోత్‌ను పట్టుకున్నారు.

అల్గోత్ నదిలో కొట్టుకొచ్చే దుంగలను గడకర్రతో సర్దే మనిషి. నలభై ఏళ్ళు. మాటలు తక్కువ. భార్య డాగ్నీతో మిల్లు పనివాళ్ళ బారక్‌లో ఒక్క గదిలో ఉండేవాడు. పొగ చిమ్మే పొయ్యి, పలచని చెక్క గోడలు. సాయంత్రమైతే డాగ్నీ కేక పది గదులకు వినిపించేది — "బూట్లు తుడుచుకుని రా!" నది బురద, చెట్ల బెరడు అన్నీ లోపలికి మోసుకొచ్చేవాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఒక్కరోజు తుడుచుకున్న పాపాన పోలేదు.

మిల్లు గోదాములో పార్టీ వాళ్ళు చెక్కలతో ఒక వంటిల్లు కట్టారు. తెల్లటి అలమరలు, కుళాయి, కరెంటు పొయ్యి. అల్గోత్ చేయాల్సిందల్లా లోపలికి వచ్చి, టోపీ తగిలించి, పొయ్యి దగ్గరున్న భార్యను చూసి నవ్వి, ఇటు తిరిగి ఏదో ఒకటి అనడం. ఏమన్నా ఫరవాలేదు, పెదాలు కదిలితే చాలు. ఆ మాట మీద స్టాక్‌హోమ్‌లో వేరే గొంతు పెడతారు: "వచ్చే ఏటికి ప్రతి కుటుంబానికీ వెచ్చని వంటిల్లు."

ఆ రోజు డాగ్నీ ఏప్రాన్‌కు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంది. తల దువ్వుకుని గోదాము గుమ్మంలో నిలబడింది. భార్య అంటే తననే పిలుస్తారనుకుంది.

"అక్కడ నిలబడకండమ్మా, నీడ పడుతోంది," అన్నాడు ఫిలిం వాడు.

భార్యను వాళ్ళు స్టాక్‌హోమ్ నుంచే తెచ్చుకున్నారు.

ఫిలిం మూడు వారాలు ఆడింది. ప్రతి శనివారం అల్గోత్ టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చేవాడు.

"రెండు, హెల్మరన్నా. ఏడో వరసలో చివరివి."

"డాగ్నీ వస్తోందా?"

"వస్తుంది."

వచ్చేది కాదు. అతను పన్నెండో కుర్చీని చేత్తో కిందికి అదిమి, దాని మీద తన టోపీ పెట్టి, పలక లేవకుండా మోచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఆట అయ్యేదాకా ఆ చెయ్యి తీసేవాడు కాదు.

వెనక వరస వాళ్ళు ఊరుకుంటారా?

"ఏం అల్గోత్, పక్కన స్టాక్‌హోమ్ ఆవిడేనా? మరీ సన్నం, కంటికి ఆనట్లేదు."

"మీ ఇంట్లో కుళాయి తిప్పితే పాలు కూడా వస్తాయటగా?"

అతను నవ్వి ఊరుకునేవాడు. మూడో శనివారం మాత్రం ఆట అయ్యాక నా దగ్గర ఆగాడు.

"చివర్లో డాగ్నీతోనే ఒక మాట అన్నాను అన్నా. పైన ఆ గొంతు పడి ఎవరికీ వినపడదు. నా పెదాలు చూస్తే ఆవిడకు తెలిసిపోతుంది. ఒక్కసారి వచ్చి చూస్తే చాలు."

"ఇంట్లోనే చెప్పొచ్చుగా?"

"ఇంట్లో నోరు తెరిస్తే, 'పోయి ఆ స్టాక్‌హోమ్ ఆవిడకే చెప్పుకో' అంటోంది." టోపీని చేతుల్లో తిప్పుకున్నాడు. "వచ్చే శనివారం వస్తుందిలే. ఎన్నికల ముందు ఆఖరి ఆట కదా."

బుధవారం సాయంత్రం దుంగల మీద కాలు జారి నదిలో పడిపోయాడు. దుంగలు మీద మూసుకుపోయాయి. రెండు రోజులు వెతికారు. మనిషి దొరకలేదు.

గురువారం పార్టీ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆ ఫిలిం ఇక వేయరాదు, తిరిగి పంపండి లేదా నాశనం చేయండి అని. చచ్చిపోయినవాడు వచ్చే ఏటి వంటిల్లు చూపిస్తుంటే ఓట్లు పోతాయని భయం. సిక్స్‌టెన్ ఆ ముక్క కోసి, చిన్న రేకు డబ్బాలో పెట్టి, పైన తన గదిలో అలమరలో ఉంచాడు.

శనివారం మధ్యాహ్నం డాగ్నీ వచ్చింది. నేను హాలు ఊడుస్తున్నాను. అదే గంజి ఏప్రాన్‌తో గుమ్మంలో నిలబడింది.

"హెల్మర్ గారూ, ఆ ఫిలిం ఒక్కసారి వేయిస్తారా?"

"పార్టీ వాళ్ళు వద్దన్నారమ్మా. టెలిగ్రాం వచ్చింది."

"జనం ముందు వద్దు. నా ఒక్కదానికి."

"నియమం ఒక్కరికైనా నియమమే."

"పూడ్చుకుందామంటే మనిషి లేడు. పెళ్ళి ఫొటోలో తల కదిపాడు, మొహం అలికేసినట్టుంది. ఆ ఫిలింలో నాకేదో చెప్పాడట. మూడు వారాలు రమ్మని బతిమాలాడు. నేను రాలేదు. ఒక్క నిమిషమేనట కదా… ఆ ఒక్క నిమిషం."

ఇంకొక్క మాట అంటే ఆమె ఏడుస్తుంది. ఏడిస్తే నేను మెత్తబడతాను. మెత్తబడటం నాకు ఇష్టం లేదు. పోనీలే అని ఒకసారి వదిలితే నియమం ఇంకెందుకు? తాగుబోతు కూడా అలాగే మొదలుపెడతాడు, ఈ ఒక్కసారికి అని.

"అది ఇక్కడ లేదమ్మా. నిన్ననే స్టాక్‌హోమ్ పంపించేశాను."

"నిన్ననేనా?"

"నిన్ననే."

ఆమె తల ఊపింది. "మీరంటే నిజమే అయ్యుంటుంది. హెల్మర్ అబద్ధమాడడని ఊరంతా అంటుంది."

వెళ్ళిపోయింది. డబ్బా అప్పుడు సరిగ్గా మా ఇద్దరి నెత్తి మీద ఉంది.

ఇక ఆ రాత్రి సంగతి సిక్స్‌టెన్ చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

ఆట పదిన్నరకు అయిపోయింది. జనం వెళ్ళిపోయారు, నేనూ ఇంటికి వెళ్ళాను. సిక్స్‌టెన్ రీళ్ళు వెనక్కి చుట్టి, మిషన్ ఆపి, కిందికి దిగాడు. ఎవరైనా కాల్చిన సిగరెట్టు పారేశారేమోనని రోజూ టార్చి పట్టుకుని వరస వరసా చూసుకోవడం అతని అలవాటు. ఫిలిం అంటే అగ్గి. ఆ విషయంలో అతనికి నిద్రలో కూడా మరుపు లేదు.

మొదటి వరస… మూడో వరస… ఆరో వరస…

ఏడో వరస చివర్లో ఒక కుర్చీ దిగి ఉంది.

ఎవరో ఏదో మర్చిపోయారనుకుని దగ్గరికి వెళ్ళాడు. పన్నెండో కుర్చీ. దాని మీద టోపీ. నల్లగా, ముద్దగా… నీళ్ళు కారుతోంది.

పలక లేపబోయాడు. లేవలేదు. ఇంకొంచెం బలంగా లాగాడు. అటు నుంచి ఎవరో… అంతే బలంగా కిందికి నొక్కారు.

చేతిలో టార్చి ఆరిపోయింది.

అప్పుడు వినపడింది — పైన, తన గదిలో, మిషన్ తిరుగుతున్న చప్పుడు.

తెర మీద వెలుగు పడింది.

తెల్లటి వంటిల్లు. అలమరలు, కుళాయి, కరెంటు పొయ్యి. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. స్టాక్‌హోమ్ ఆవిడ లేదు. పాట లేదు, ఆ గొంతు లేదు. తలుపు తెరుచుకుని అల్గోత్ లోపలికి వచ్చాడు. తల మీద టోపీ లేదు. జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. టోపీ తగిలించే కొక్కెం వైపు చెయ్యి చాపి, ఖాళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొయ్యి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు… ఒక్క నిమిషం ఫిలింలో అంతసేపు చోటే లేదన్నాడు సిక్స్‌టెన్.

తర్వాత ఇటు తిరిగాడు. పెదాలు కదిలాయి.

మాట తెర మీద నుంచి రాలేదు. సిక్స్‌టెన్ మోకాలి పక్క నుంచి, పదకొండో కుర్చీలోంచి వచ్చింది. గుసగుసగా…

"డాగ్నీ… బూట్లు తుడుచుకున్నాను."

వెలుగు పోయింది.

సిక్స్‌టెన్ చీకట్లో కుర్చీలను గుద్దుకుంటూ తలుపు దాకా పరిగెత్తాడు. అక్కడ గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా మీద కాలు జారి బోర్లా పడ్డాడు. లేచి తలుపు పక్కన లైటు వేసి చూస్తే పట్టా తడిసి ముద్దయి ఉంది. దాని నిండా నది బురద, బెరడు ముక్కలు. పట్టా నుంచి ఏడో వరస దాకా అడుగులు మాత్రం ఉన్నాయి. వట్టి నీటి మరకలు. ఎక్కడా బురద లేదు.

తెల్లారి ఎన్నికల ఆదివారం. ఓటు వేయడానికి నల్లకోటు తొడుక్కుంటుంటే సిక్స్‌టెన్ మా ఇంటికి వచ్చి ఇదంతా చెప్పాడు.

"మిషన్ ఎవరు తిప్పారో దేవుడికెరుక," అన్నాడు. "ముందు డాగ్నీని పిలుద్దాం హెల్మర్. పార్టీ ఏమన్నా అననీ. ఇవాళ ఆవిడకు వేసి చూపిస్తాను. నిన్న ఆవిడ అడిగిందని విన్నాను. డబ్బా పైనే ఉంది కదా."

అతని వెంట హాలుకు నడిచాను, మెట్లు ఎక్కాను. అతను అలమర తెరిచి డబ్బా తీశాడు. మూత తిప్పాడు.

ఖాళీ.

"ఇందులోదేదీ?"

"నిన్న మూడు గంటలకు కింద బాయిలర్ మంటలో వేశాను," అన్నాను.

నా వైపు చూశాడు.

"నాశనం చేయొచ్చని టెలిగ్రాంలో ఉంది," అన్నాను. అది నిజమే. కానీ అందుకు కాదు. ఇక్కడ లేదని ఆమెతో అనేశాను. సోమవారం దాకా పోస్టు లేదు. సిక్స్‌టెన్ మెత్తటి మనిషి, ఆమె మళ్ళీ వచ్చి అతన్ని అడిగితే నా మాట అబద్ధమని తేలుతుంది. చెప్పిన అబద్ధం నిజం కావాలని కాల్చాను. కళ్ళు మూసి తెరిచేలోపు భగ్గుమని అయిపోయింది. ఇదేదీ అతనితో అనలేదు.

"నేను చూసింది రాత్రి పదకొండింటికి," అన్నాడు సిక్స్‌టెన్ నెమ్మదిగా.

ఇద్దరం బారక్‌కు వెళ్ళాం. డాగ్నీ గది మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె సర్దుకుంటోంది. సుంద్స్‌వాల్‌లో చెల్లెలి దగ్గరికి పోతోందట. పొయ్యి పొగతో గదంతా మసకగా ఉంది. సిక్స్‌టెన్ తనకు చేతనైనట్టు చెప్పాడు. అల్గోత్ అన్న మాట కూడా చెప్పాడు.

ఆమె చేతులు ఆగాయి. ఒక్క క్షణం ఆమె మొహంలోకి ఏదో వచ్చింది. వెంటనే పోయింది.

"సాయంత్రం నేను అరిచే అరుపు ఈ బారక్‌లో ఎవరికి తెలియదు? అది తీసుకెళ్ళి ఆయన నోట్లో పెట్టారా?"

"నా చెవులతో విన్నాను, డాగ్నమ్మా."

"ఫిలిం శుక్రవారమే స్టాక్‌హోమ్ పోయిందన్నారు ఈయన. రాత్రి ఇక్కడ ఆడిందంటున్నావు నువ్వు. నన్ను ఊరడించాలని వచ్చావు సిక్స్‌టెన్, తెలుసు. నువ్వు మంచివాడివే. కానీ హెల్మర్ గారు అబద్ధమాడరు." నా వైపు తిరిగింది. "అవునా కాదా, మీరు చెప్పండి. పంపించేశారు కదా?"

సిక్స్‌టెన్ నన్ను చూశాడు. ఆమె నన్ను చూసింది.

ఒక్క మాట చాలు. అబద్ధమాడానమ్మా, ఫిలిం నిన్న ఇక్కడే ఉంది అంటే చాలు. ఆమె నమ్మేది. ఆ మాట ఆమెకు దక్కేది. నలభై ఆరేళ్ళు ఊళ్ళో తల ఎత్తుకుని తిరిగాను. ఆ తల దించడానికి మెడ వంగలేదు.

"పంపించేశాను," అన్నాను.

ఆమె పెట్టె మూసింది. సిక్స్‌టెన్ ఆ తర్వాత పదకొండేళ్ళు నా కిందే పనిచేశాడు. పని మాట తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు. పోయే ముందు కూడా.

అప్పటి నుంచే పన్నెండో కుర్చీ దిగడం మొదలైంది. ఎక్కువగా శనివారాలు. గుమ్మం పట్టా పొద్దున్నే తడిగా ఉండేది. నేను ఎవరికీ చెప్పకుండా ఎండేసేవాణ్ణి. జనానికి ఎలాగో తెలిసింది. చుట్టుపక్కల సీట్లు కూడా తీసుకోవడం మానేశారు.

వాళ్ళు చెప్పిన ఏటికి కాకపోయినా మరో నాలుగేళ్ళకు వంటిళ్ళు నిజంగానే వచ్చాయి. బారక్‌లు కూల్చి ఇళ్ళు కట్టారు. తెల్లటి అలమరలు, కుళాయి, కరెంటు పొయ్యి. నాకూ ఒకటి ఇచ్చారు.

అరవై ఒకటి నవంబరులో డాగ్నీ చెల్లెలి నుంచి సంఘానికి ఉత్తరం వచ్చింది. డాగ్నీ పోయిందని, ఊళ్ళో తెలిసినవాళ్ళకు చెప్పమని. పోయేటప్పుడు భర్తను తలుచుకుందా అని రాయలేదు. నేను అడగలేదు.

ఆ శనివారం హాల్లో సినిమా లేదు. టీవీలు వచ్చాక జనం తగ్గి శనివారాలు మూసేస్తున్నాం. రాత్రి తాళం తీసుకుని లోపలికి వెళ్ళి, ఎనిమిదో వరసలో కూర్చున్నాను. పన్నెండో కుర్చీ దిగి ఉంది. టోపీ నాకు కనపడలేదు. నీటి బొట్లు నేల మీద పడుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. ఒకటి… తర్వాత ఒకటి…

పదమూడేళ్ళుగా పెదాల దాకా రాని మాట అప్పుడు అన్నాను.

"అల్గోత్, ఆవిడ రాదు. చచ్చిపోయింది. నువ్వన్న మాట ఆవిడ నమ్మలేదు, నా వల్లే. ఫిలిం నేనే కాల్చాను."

బొట్లు ఆగిపోయాయి.

నా ఊపిరే నాకు పెద్దగా వినిపించింది.

తర్వాత పన్నెండో కుర్చీ — పదమూడేళ్ళు పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టు — టపీమని పైకి లేచింది.

అంతే. తాళం వేసి ఇంటికి వచ్చాను.

ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ ఏడో వరస అంటే జంకుతారు. జంకనక్కర్లేదు, ఎవరైనా కూర్చోవచ్చు. ఆ కుర్చీ మళ్ళీ దిగలేదు. హాలు పట్టా మళ్ళీ తడవలేదు. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు.

నేను ఒక్కణ్ణే ఉంటాను. రాత్రి పూట తెల్లటి వంటింట్లో, కరెంటు పొయ్యి ముందు నిలబడి కాఫీ పెట్టుకుంటాను. వెనక్కి తిరగను. ఎందుకంటే ఆ వేళకే… నా గుమ్మం అవతల, పట్టా మీద, తొందర లేకుండా, ఒక కాలు తర్వాత ఇంకో కాలు… ఎవరో బూట్లు తుడుచుకుంటూ ఉంటారు.